మొహం చూసి మందిచ్చినవాడు

మొన్న విజయనగరంలో మా వీధి చివర మందుల షాపులో బీపీ మాత్రల కోసం నిలబడ్డాను. నా ముందు ఒక ముప్పయ్యేళ్ల మనిషి. బండి దిగి వచ్చాడు గాని హెల్మెట్ తియ్యలేదు. కౌంటరు మీదకి వంగి, అద్దం కాస్త పైకెత్తి, "దురదకి ఒక ట్యూబు ఇవ్వండి" అన్నాడు. షాపతను "ఎక్కడ దురద?" అని అడగలేదు. ఆ హెల్మెట్టే సమాధానం అనుకున్నాడు కాబోలు. వెనక్కి తిరగకుండానే అరలోంచి ఒక ట్యూబు తీసి చేతిలో పెట్టాడు. రోగం చెప్పడం, పోల్చుకోవడం, వైద్యం, అన్నీ ఒక్క నిమిషంలో అయిపోయాయి. ఆ మనిషి వెళ్లిపోయాక నేను వచ్చిన పని మరిచిపోయాను. భావనపాడు అవతల ఉండే కాంపౌండరు గుర్తొచ్చాడు.

ఆయన పోయి నాలుగేళ్లవుతోంది. పోయినవాళ్ల గురించి చెడు రాయకూడదని మా పత్రికలవాళ్లలో ఒక మర్యాద ఉంది. మంచి రాయడానికి ఏమీ దొరక్కపోతే "పలువురు సంతాపం తెలిపారు" అని రాసి ఊరుకుంటాం. ఆయన విషయంలో నేను ఆ ముక్క కూడా రాయలేదు. పేరు ఇప్పుడూ రాయను. రాస్తే అదేదో ఆయన ఒక్కడి గొడవ అయిపోతుంది. అలాంటివాళ్లు ప్రతి బస్టాపు దగ్గరా ఒకరున్నారు.

అప్పట్లో నేను టెక్కలిలో ఒక దినపత్రికకి విలేకరిని. తీరం వెంట పల్లెలన్నీ నేనే చూసుకునేవాణ్ణి. భావనపాడు దాటాక ఒక మత్స్యకార పల్లె మొదట్లో, బస్సు ఆగే చోట, ఆయన షాపు ఉండేది. ముందు మందుల అరలు, వెనక ఒక బల్ల, మధ్యలో పూల పూల ప్లాస్టిక్ తెర. కాంపౌండరు అన్న మాట కూడా ఆయనకి ఎక్కువే. శ్రీకాకుళంలో ఒక డాక్టరు దగ్గర రెండేళ్లు సీసాలు కడిగి, చీటీలు అందించి, అక్కడ పని పోయాక ఇక్కడికొచ్చి బోర్డు కట్టాడు. ఆ రెండేళ్లనే జీవితమంతా "సర్వీసు" అన్నాడు. మెడ దాకా బొత్తాలు పెట్టిన తెల్లచొక్కా. జేబులో నాలుగు పెన్నులు, వాటిలో మూడు రాయవు. మెడలో స్టెతస్కోపు; దాన్ని ఆయన చెవిలో పెట్టుకోగా నేను చూడలేదు.

జ్వరం, విరేచనం, తేలుకాటు, వీటన్నిటికీ ఆయన గొంతు రోడ్డు మీదకి వినిపించేది. "నోరు తెరు! నాలిక సూపించు! ఏటి తిన్నావు?" అని పదిమంది ముందే అరిచేవాడు. మగవాళ్ల సంగతి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించి, "తెర ఎనక్కి రా" అనేవాడు. ఆ గొంతు తగ్గిందంటే బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు కూడా మాటలు ఆపేసి చెవులు అటు వేసేవారు. తెర వెనక ఉన్నది సెలైను బల్ల. మోసుకొచ్చినవాణ్ణి తెర వెనక్కి తీసుకెళ్లారంటే సెలైను. నడిచొచ్చినవాడు తెర వెనక్కి వెళ్లాడంటే అదే జబ్బు. చంటిపిల్లలకి కూడా తెలుసు. దాచడానికని కట్టిన ఆ తెర ఊరంతటికీ దండోరా వేసేది. ఆ సంగతి ఆయనకి తెలియదని నేననుకోను. ఊళ్లో వెనకాల ఆయన్ని "తెర డాక్టరు" అనేవారు. ముందుకొస్తే "బాబూ" అనేవారు.

ఒక వేసవిలో వడదెబ్బ తగిలి ఆ బల్ల మీద నేనూ సెలైను ఎక్కించుకుంటూ పడుకున్నాను. ఆయన నన్ను మనిషి కింద లెక్కెయ్యలేదో, పేపరువాడు తన ప్రతాపం చూస్తే మంచిదే అనుకున్నాడో గాని, ఒక నడివయసు మనిషిని తీసుకొచ్చి నా పక్కనే నిలబెట్టాడు. ఏమైంది అని అడగలేదు.

"ఎక్కడికెల్లినావురా?" అన్నాడు.

"ఎక్కడికీ ఎల్లనేదు బాబూ. మంటగున్నాది. ఎర్రగా వాసిపోనాది. ముందు తోలు ఎనక్కి రాడం నేదు. తెల్లగా ఏదో పడతన్నాది. ఓపాలి సూడు బాబూ" అని ఆ మనిషి లుంగీ ముడి మీద చెయ్యి వేశాడు.

"ఛీ, ఆగు! నాకు సూపించకు." కాంపౌండరు మొహం గోడవైపు తిప్పేశాడు. గోడకి వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. "మొగం సూస్తే నాకు తెల్దేటి? ఎంతమందిని సూసినాను!"

"మరి ఏటయినాది బాబూ?"

"ఊరికే రాదురా ఇది. నీతిగా ఉన్నోడికి నీరు సల్లగా దిగుతాది. ఎల్లినావా నేదా, అది సెప్పు. ఒప్పుకున్నోడికే ఈ మందు పనిసేస్తాది. లోపల దాసుకున్నోడికి పనిసెయ్యదు."

ఆ మనిషి నావైపు ఒకసారి చూశాడు. తరవాత, బస్సులో టిక్కెట్టు అడిగినంత మామూలుగా, "ఎల్లినాను బాబూ" అన్నాడు.

అప్పటిదాకా కాంపౌండరు చేతులు ఊరికే లేవు. ఒక ట్యూబు తీసుకుని, దాని మీద అచ్చయిన పేరుని గడ్డం గీసుకునే బ్లేడుతో గీకేస్తున్నాడు. ఇంకొక షాపులో అదే మందు కొనుక్కోకుండా ఆయన చేసుకున్న ఏర్పాటది. పేరు పూర్తిగా పోయాక తెల్లగా మిగిలిన రేకుని ఆ మనిషి చేతిలో పెట్టి పథ్యం చెప్పాడు. అది వేడి వల్ల వచ్చింది కాబట్టి చేప తినకూడదు, కోడి తినకూడదు. పొద్దునా సాయంత్రం సబ్జా గింజలు నానబెట్టి, పటికబెల్లం దండిగా వేసుకుని గ్లాసుడు గ్లాసుడు తాగాలి. స్నానానికి ముందు డెటాల్‌తో, నీళ్లు కలపకుండా, గట్టిగా తుడవాలి.

"మండుతాది బాబూ."

"మండాల. మండితేనే బుద్ధొస్తాది."

చేపలు పట్టి బతికే ఊళ్లో చేప మాన్పించి, పాపానికి డెటాలూ, వేడికి పటికబెల్లమూ ఇచ్చే ఈ శాస్త్రం ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలియదు. ఇన్నేళ్లు ఆ జబ్బుకి మందిచ్చి, ఆ జబ్బు ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడనివాడు మాత్రం నాకు తెలిసి ఆయనే.

ఇంతా చేస్తే అది మహారోగమేమీ కాదు. అంగం కొసన చర్మం ఎర్రబడి, వాచి, దురదపెట్టి మండడం. పసిపిల్లలకి వస్తుంది, ముసలివాళ్లకి వస్తుంది, పెళ్లికాని బుద్ధిమంతులకి వస్తుంది. సరిగ్గా కడుక్కోకపోయినా వస్తుంది, సబ్బుతో అతిగా తోమినా వస్తుంది. చెమట, తడి, ఉప్పునీరు, బూజు, ఒంట్లో చక్కెర, ఇలా దానికి పది దారులున్నాయి. పదింటిలో ఒకటి కాంపౌండరు చెప్పిన దారి. మిగతా తొమ్మిదింటి జోలికి ఆయన పోలేదు. ఎందుకంటే ఆ తొమ్మిదింటిలో మనిషిని తలొంచుకునేలా చేసే అవకాశం లేదు.

ఆయనకి గిరాకీ ఎండాకాలంలో. మా తీరం పల్లెల మగవాళ్లు వానాకాలంలో గుజరాత్ వెళ్లిపోయి, వీరావల్‌లో పెద్ద బోట్ల మీద నెలల తరబడి వేట చేసి, వేసవికి ఇంటికొస్తారు. బోటు మీద మంచినీళ్లు తాగడానికే చాలవు. స్నానం సముద్రంలో, బట్ట ఆరేది ఉప్పుగాలికి. ఒరిపిడి పడ్డ చర్మంతో ఇంటికొచ్చినవాళ్లు ఏప్రిల్ నెలలో ఒకరి తరవాత ఒకరు తెర వెనక్కి వెళ్లేవారు. దాన్ని ఆయన "వీరావల్ జబ్బు" అని పిలిచాడు. ఉప్పునీళ్ల సంగతి ఆయన బుర్రకి తట్టలేదు. ఆయన బుర్రలో వీరావల్ అంటే ఒకటే వీధి, ఆ వీధిలో ఒకటే రకం ఇళ్లు.

మగవాళ్లు దీన్ని మొదట్లో నవ్వులాటగానే తీసుకున్నారు. "ఎల్లినాను" అన్న మాట ట్యూబుకి చీటీ లాంటిది. ఒకసారి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న నలుగురి దగ్గర కూర్చున్నాను. ఒకడు మాటిమాటికీ లుంగీ సర్దుకుంటున్నాడు.

"ఒరే బావా, ఎందుకలా నలిగిపోతావు? ఎల్లినాననీసి ట్యూబు తెచ్చుకో."

"నానెక్కడికీ ఎల్లనేదురా."

"నానెల్లినానేటి? నాను రెండుపాల్లు తెచ్చుకున్నాను. మా మావ మూడుపాల్లు. ఆడికి అరవయ్యేళ్లు, దారి సూపించినా ఎల్లనేడు."

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. అంతకు ముందు సంవత్సరమే నేను కాంపౌండరు మీద రెండు కాలమ్‌ల వార్త రాసి ఉన్నాను. డాక్టరు లేని తీరంలో పేదలకి అండగా నిలిచిన మనిషి అని. ఆ రోజు పేజీ నిండక, బస్సు కోసం నిలబడి, ఎదురుగా ఏముంటే అది రాశాను. ఆయన దాన్ని కత్తిరించి, లామినేషన్ చేయించి, క్యాలెండరు పక్కన తగిలించాడు. సర్టిఫికెట్ ఉండాల్సిన చోట నా వార్త ఉండేది.

టెక్కలిలో మా వీధికి వారానికి మూడు రోజులు పోలమ్మ చేపల గంప తెచ్చేది. ఆ పల్లె మనిషే. పాతికేళ్లు దాటిన వయసు, ఇద్దరు పిల్లలు. వీధి మొదట్లో కానాగంత చేపలని కేకేస్తే వీధి చివర పిల్లులు లేచేవి. బేరమాడితే "ఇలాటి రేటుకి సముద్రమే వొస్తాది, చేప రాదు బాబూ" అనేది. ఒక మే నెలలో రెండు వారాలు ఆమె రాలేదు. మూడో వారం ఆమె భర్త ఎర్రయ్య వచ్చాడు. గంప లేదు. రెండు వేళ్లతో లుంగీని ఒంటికి తగలకుండా ముందుకు పట్టుకుని, కాళ్లు ఎడంగా వేసి నడుస్తున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పేపరు బాబూ, పెద్దాసుపత్రిలో నీకు తెలిసినోలెవులైనా ఉన్నారేటి?"

వరండాలో నిలబడే చెప్పాడు. వీరావల్ నుంచి వచ్చిన వారానికి మంట మొదలైంది. అందరిలాగే వెళ్లాడు, అందరిలాగే ఆ మాట అన్నాడు, ట్యూబు తెచ్చుకుని ఇంటి చూరులో దోపాడు. పోలమ్మ చూరులో దువ్వెన కోసం చెయ్యి పెడితే ట్యూబు చేతికొచ్చింది. దాని మీద పేరు ఉన్నట్టయితే ఆమె చదువుకోలేదు కాబట్టి ఏ నొప్పుల మందో అనుకునేది. పేరు గీకేసి ఉంది. గీకేసిన ట్యూబు ఏమిటో ఆ పల్లెలో చదువురానివాళ్లకి కూడా తెలుసు. ఆమె ట్యూబు పట్టుకుని తిన్నగా షాపుకెళ్లింది. బస్సు కోసం పదిమంది నిలబడి ఉన్నారు.

"కాంపౌండరు ఏమన్నాడు?" అని అడిగాను.

"నన్నేటి అడుగుతావమ్మా, నీ మొగుడే నోటితో ఒప్పుకున్నాడు, అన్నాడంట. అది పిల్లల్ని తీసుకుని అమ్మగారింటికి ఎల్లిపోనాది. నానెల్లి కాళ్లట్టుకున్నాను. ఎల్లనేదే, ట్యూబు కోసరం అలా అన్నానే, అన్నాను. ట్యూబు కోసరం పెళ్లాన్ని అమ్మీసినావేటిరా, అన్నాది." ఎర్రయ్య లుంగీ మళ్లీ ముందుకు లాక్కున్నాడు. "రోగం తగ్గితే అదే వొస్తాదిలే, పథ్యం సరిగ్గా సెయ్యి, అన్నాడు కాంపౌండరు బాబు. సేస్తన్నాను. గ్లాసుడు తాగమన్నాడు, నాను సెంబుడు తాగుతన్నాను. ఏటో బాబూ, దాహం తీరడం నేదు. ఎంత తాగినా నాలిక ఎండిపోతన్నాది. తాగిందంతా పోస్తన్నాను. పోసినప్పుడల్లా నిప్పెట్టినట్టుంటాది."

పటికబెల్లం నీళ్లు చెంబులకి చెంబులు. నేను డాక్టర్ని కాను. అయినా ఆ మాట వినగానే చొక్కా వేసుకుని అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను.

ఆసుపత్రిలో ఆ రోజు డ్యూటీలో ఉన్నది ఒక డాక్టరమ్మ. శృంగవరపుకోట వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి, మాట పెళుసు. ఆమెని చూడగానే ఎర్రయ్య నా వెనక్కి జరిగాడు.

"ఆడమనిసికేటి సూపిస్తాను బాబూ, ఎల్లిపోదాం."

"ఏటి, నన్ను సూసి సిగ్గేస్తందా?" అంది ఆమె రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండా. "నాకు ఇద్దరు కొడుకులు. పొద్దున్నించి ఇలా వచ్చినోల్లలో నువ్వు మూడోవాడివి. ఆ మంచం మీద పడుకో. రిపోర్టరు గారూ, మీరు బయట ఉండండి."

"బాబు ఉండాల" అన్నాడు ఎర్రయ్య. నేను తలుపు దగ్గర అటు తిరిగి నిలబడ్డాను. కుళాయి నీళ్ల చప్పుడు, గ్లవ్స్ వేసుకుంటున్న చప్పుడు వినిపించాయి. తరవాత కాసేపు ఏమీ వినిపించలేదు. ఆమె చూస్తోంది. నెల దాటాక ఒక మనిషి దాన్ని చూస్తోంది.

ఎన్నాళ్లయింది, ఏం రాశావు, దేంతో కడిగావు, బయట ఎవరితోనైనా సంబంధం ఉందా, దాహం ఎక్కువా, ఇంట్లో ఎవరికైనా షుగరుందా, అన్నీ ఒకే గొంతుతో అడిగింది. మధ్యలో ఉన్న ఆ ప్రశ్నకి ఎర్రయ్య "నేదమ్మా" అన్నాడు. ఆమె రాసుకుని తరవాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. అంత మామూలుగా అడగొచ్చని నాకు అప్పుడే తెలిసింది. వేలు గుచ్చి అక్కడికక్కడే చక్కెర చూసింది. మూడువందలు దాటి ఉంది. మిగతా పరీక్షలకి కూడా రక్తం తీయించింది. వాటిలో తరవాత ఏమీ తేలలేదు.

"ఒరే నాయనా, నీకు షుగరున్నాది" అంది. "ఒంటికి పట్టని చక్కెర నీ ఉచ్చలోంచి పోతన్నాది. తోలు కింద ఆ తడి నిలబడిపోతే బూజు పడతాది. తడిసిన రొట్టె మీద పట్టదూ, అలాగ. ఆ ట్యూబులో ఏదో స్టెరాయిడ్ కలిసుంటాది. రాసిన రెండు రోజులు మంట తగ్గినట్టుంటాది, లోపల బూజు మాత్రం బలుస్తాది, తోలు పలచబడి పగిలిపోతాది. దాని మీద డెటాల్ పోసినావు. పైనించి బెల్లం తాగినావు. బతికున్నావు, సంతోషం."

తరవాత చెయ్యాల్సింది చెప్పింది. ఉత్త నీళ్లతో, గోరువెచ్చగా, రోజుకి రెండుసార్లు కడగాలి. సబ్బు వద్దు, డెటాల్ అసలే వద్దు. మెత్తని గుడ్డతో తడి అద్దాలి. బూజు మందు పలచగా, చెప్పినన్నాళ్లు, తగ్గినట్టనిపించినా మానకుండా రాయాలి. షుగరు మాత్రలు మానితే ఇది మళ్లీ వస్తుంది. చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకూడదు. వెనక్కి వెళ్లి అక్కడే బిగుసుకుపోయినా, ఉచ్చ ఆగిపోయినా ఆ గంటలోనే రావాలి. భార్యకీ ఒకసారి చూడాలి, ఆమెకి కూడా దురద ఉండొచ్చు.

"చేప తినొచ్చామ్మా?" అన్నాడు ఎర్రయ్య.

"చేప ఏటి సేసినాదిరా నిన్ను? తిను. బెల్లం మాను."

పోలమ్మని వాళ్లమ్మగారి ఊరి నుంచి మేమే తీసుకొచ్చాం. డాక్టరమ్మ ఆమెని కూర్చోబెట్టి అంతా మళ్లీ చెప్పింది. పోలమ్మ మధ్యలో అడ్డు రాకుండా విని, బయటికొచ్చాక నాతో ఒకటే మాట అంది.

"ఆయమ్మ సెప్పినాది బాగుంది బాబూ. ఆ సచ్చినోడు పదిమందిలో అన్నాడు కదా, అదే పదిమందిలో పొరపాటయినాదని అనమను. అన్నాడంటే నాను ఈడింటికి ఎల్లిపోతాను."

న్యాయమైన కోరిక. చాలా చిన్న కోరిక కూడా. అదే రోజు సాయంత్రం ముగ్గురం కాంపౌండరు షాపుకి వెళ్లాం. బస్సు కోసం జనం ఉన్నారు. నేను ఆసుపత్రి చీటీ ఆయన ముందు పెట్టి సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"షుగరు కూడా ఉండొచ్చండి. ఇప్పుడెవడికి లేదు?" అన్నాడు. నాతో మాట్లాడినప్పుడు ఆయన భాష మారేది.

"మీరిచ్చిన పటికబెల్లం వల్ల అది ముదిరింది."

"చలవకిచ్చానండి. చలవ చెయ్యదా పటికబెల్లం? మీరే చెప్పండి."

"సరే, అది వదిలెయ్యండి. వీరావల్ మాట పొరపాటు అని ఒక్క ముక్క అనండి. వాళ్ల కాపురం నిలబడుతుంది."

"నేనన్నానా?" అని రెండు చేతులూ పైకెత్తాడు. "నేను అనలేదండి. ఆడే అన్నాడు. ఏరా, అన్నావా నేదా?"

ఎర్రయ్య తల వంచుకున్నాడు. అప్పుడు పోలమ్మ ముందుకొచ్చింది.

"బాబూ, ఆడి రోగం నువ్వు సూసినావేటి?"

"ఏటి సూడాలమ్మా? మొగం సూసినాను. మొగం సూస్తే నాకు తెలిసిపోతాది."

"మొగం మీదొచ్చినాదేటి రోగం?"

బస్టాపు గొల్లుమంది. ఒక ముసలామె నవ్వలేక అరుగు మీద కూలబడింది. కాంపౌండరు మొహం ముదురు ఎరుపుకి తిరిగింది. ఆ క్షణంలో ఆయన మొహం చూసి నేనూ ఒక జబ్బు చెప్పగలిగేవాణ్ణి. ఆ నవ్వు దగ్గరే ఆయన ఒక మెట్టు దిగి ఉండాల్సింది. "పోనీలే తల్లీ, తప్పయింది" అంటే జనం ఆయన్ని భుజానికెత్తుకునేవారు. మరుసటి రోజు తెర వెనక ఇంకా ఎక్కువమంది నిలబడేవారు. ఆ పాటి లౌక్యం కూడా లేదు. మెడ దగ్గర బొత్తాం సర్దుకుని, తెర డాక్టరు తన తీర్పు చెప్పాడు.

"ఊరికే రాదు. అంతే. ఎల్లండి."

వెళ్లే ముందు గోడ మీద నా వార్త తీసెయ్యమన్నాను. "అచ్చయినదాన్ని ఎలా తీసేస్తామండీ?" అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. నేను ఆ వారమే ఇంకో వార్త రాసి పంపాను, చూడకుండా వైద్యం చేసేవాళ్ల గురించి. "కుటుంబమంతా చదివే పేపరు, ఇలాంటి అవయవాల గురించి వద్దు" అని డెస్కువాళ్లు ఆపేశారు. కాబట్టి గోడ మీద మొదటిదే మిగిలింది.

ఎర్రయ్యకి మూడు వారాల్లో తగ్గింది. పోలమ్మ కొన్నాళ్లు చూసి, పిల్లల బడి తెరిచే వేళకి తిరిగొచ్చింది. కాంపౌండరు ఇంకా చాలా ఏళ్లు బతికాడు. తెర రంగు వెలిస్తే కొత్త తెర కట్టాడు. ఆ పల్లెలో కొందరు ఆసుపత్రికి రావడం మొదలుపెట్టారు గాని, సగంమంది ఆయన దగ్గరే "ఎల్లినాను" అని ట్యూబు తెచ్చుకునేవారు. ఆసుపత్రిలో అయితే లుంగీ విప్పాలి. ఇక్కడ అబద్ధం ఒకటి చెబితే సరిపోతుంది.

ఒక పొద్దున్న పక్షవాతం వచ్చి, అదే బల్ల మీద పడుకుని, ఆయన పోయాడు. కబురు నాకు ఫోనులో తెలిసింది. ఆ వేళకి నేను టెక్కలిలోనే ఉన్నాను. పోలమ్మ అప్పటికే గంప మొయ్యడం మానేసింది. ఎర్రయ్య మోపెడ్ మీద పెట్టె కట్టి నడిపేవాడు, ఆమె వెనక కూర్చుని కేకేసేది. అతను మళ్లీ వీరావల్ వెళ్లలేదు. ఆమె వెళ్లనివ్వలేదు. ఊరి దగ్గర చిన్న పడవల్లో దొరికినంతే.

ఆ వారం వాళ్లు వచ్చినప్పుడు కాంపౌండరు పోయాడన్న సంగతి ఎత్తాను. ఊళ్లోవాళ్లే కాబట్టి వాళ్లకి నా కంటే ముందే తెలుసు.

"ఆడు పోయేదాకా ఎదురుసూసినాను బాబూ" అంది పోలమ్మ, కత్తిపీట మీద చేప పొలుసు తీస్తూ. "ఏ పండక్కో, ఏ జబ్బు సేసినప్పుడో, ఆడికే మనసు కరిగి ఆ పొరపాటన్న ముక్క అనీస్తాడేటో అని. అననేదు. ఇంకనడు."

"ఇంకా ఏటే?" అన్నాడు ఎర్రయ్య, మోపెడ్ దగ్గర నిలబడే. అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పదకొండేళ్లయినాది. సుగరని ఆయమ్మ సెప్పినాది. కాయితంలో ఉన్నాది. రోజూ మాత్రలేస్తన్నాను, నీ సేత్తోనే ఇస్తన్నావు."

"కాయితం అబద్ధమన్నానేటి?"

నేను మధ్యలోకి వెళ్లాను. రోగం చక్కెర వల్ల వచ్చిందనీ, వీరావల్‌కీ దానికీ సంబంధం లేదనీ, అప్పుడు డాక్టరమ్మ చెప్పిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పబోయాను. పోలమ్మ చెయ్యి ఆపి, తలెత్తి, నా మాట పూర్తయ్యేదాకా మర్యాదగా వింది.

"సుగరున్నోడు ఎల్లకూడదని ఉన్నాదేటి బాబూ?" అంది.